ఈ నెల బియ్యం ఎక్కడ ఆగాయి?

[దృశ్యం: పలాస దగ్గర ఒక ఊరు. ఇంటి అరుగు మీద జీడిపిక్కల కుప్ప. కెమెరా ఒక చేతి దగ్గర ఆగుతుంది. వేళ్ల కొసలు నల్లగా, నున్నగా ఉన్నాయి.]

ఈ చేతిని కాస్త దగ్గరగా చూడండి. ఇది మా మేనత్త చేయి. పాతికేళ్లుగా జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తున్న చేయి. జీడి పెంకులో జిగట నూనె ఉంటుంది. అది తగిలిన చోట చర్మం కాలి, పొరలుగా ఊడిపోతుంది. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా పూర్తిగా ఆగదు. ఏళ్లు గడిచేసరికి వేలి మీద గీతలు మిగలలేదు.

పోయిన నెల అత్త మూడుసార్లు రేషన్ డిపోకు వెళ్లింది. మూడుసార్లూ మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టలేదు.

[దృశ్యం: వేలిముద్ర చూసి సరుకు విడుదల చేసే ఈ-పోస్ మిషన్, పక్కన ఎలక్ట్రానిక్ కాటా. మాటలు మాత్రమే వినిపిస్తాయి.]

"బాబూ, ఇంకోసారి పెట్టమంటావా?"

"చీరకు తుడిచి పెట్టమ్మా. గట్టిగా నొక్కకు... లేదమ్మా, తీసుకోవడం లేదు. ఎల్లుండి రా."

ఎల్లుండి వెళ్లింది. ఆ తర్వాత 15వ తేదీ వచ్చింది, ఆ నెల పంపిణీ ముగిసింది. నలుగురి కార్డు, మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం. బయట కిలో 40 రూపాయల చొప్పున లెక్కవేసుకున్నా 800 రూపాయలు. 2025-26లో ఉపాధి హామీ పనికి ఉన్న రోజు కూలి 307 రూపాయలతో చూస్తే రెండున్నర రోజుల కష్టం.

డీలరు మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్నది మిషనే. కానీ "ఎల్లుండి రా" అన్న మాటతో అత్త మూడుసార్లు వెనక్కి వచ్చేసింది. బియ్యం ఎందుకు ఆగాయో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈ వీడియో చేస్తున్నది అందుకే. బియ్యం ఆలస్యమైతే అవి ఎక్కడో ఒక చోట ఆగి ఉంటాయి. ఆ చోటు ఏదో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

[తెరపై: దరఖాస్తు – పేరు – సరుకు – వేలిముద్ర]

ఈ నాలుగు చోట్లలో ముందు వేలిముద్ర సంగతే పూర్తి చేద్దాం. మన జిల్లాల్లో ఎక్కువ మందిని తిప్పలు పెడుతున్నది అదే అని నా అభిప్రాయం. జీడి పని వాళ్లే కాదు, వలతాళ్లు లాగే మత్స్యకారులు, నెల్లిమర్ల, రాజాం వైపు జూట్ మిల్లుల్లో పనిచేసినవాళ్లు, కలుపు తీసే ఆడవాళ్లు, సిమెంటు పనికి వెళ్లేవాళ్లు, అందరి వేళ్లదీ ఇదే కథ. పైగా వయసు మీద పడితే గీతలు వాటంతట అవే పలచబడతాయి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కార్డులో పేరున్న వాళ్లు ఎవరు వేలు పెట్టినా కుటుంబం మొత్తానికి బియ్యం వస్తాయి. ఇంటి పెద్దే వెళ్లాలన్న నియమం లేదు. మా అత్త ఇంట్లో ఆ నెల పరిస్థితి వేరు. మామయ్య మంచం మీద ఉన్నారు. కొడుకు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఊళ్లో మిగిలిన వేలు అత్తదొక్కటే.

అలాంటప్పుడు వేలి బదులు కంటిపాపతో సరిచూసే ఐరిస్ పరికరం ఉందేమో అడగాలి. అదీ కాకపోతే? 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ రాష్ట్రాలన్నింటికీ ఆదేశాలు పంపింది. నెట్‌వర్క్ లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా ఆ కారణంతో అర్హులకు బియ్యం నిరాకరించకూడదని, అలాంటి పంపిణీని విడిగా రిజిస్టరులో రాయాలని అందులో ఉంది. డిపోలో ఈ మాట గొడవ పడుతూ చెప్పక్కర్లేదు. "మిషన్ తీసుకోకపోతే రిజిస్టరులో రాసి ఇవ్వాలంటారు కదా, ఒకసారి వీఆర్వో గారికి ఫోను చేస్తారా?" అని అడిగితే చాలు.

దీర్ఘకాలానికి చేయాల్సింది ఆధార్ కేంద్రానికి వెళ్లి పది వేళ్లూ, రెండు కళ్లూ మళ్లీ నమోదు చేయించుకోవడం. జీడి పని చేసేవాళ్లు నాలుగు రోజులు పని మానుకుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, చర్మం కాస్త కోలుకున్నాక వెళ్తే మంచిది. నాలుగు రోజుల కూలి పోతుందని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే అరిగిన వేలితోనే మళ్లీ నమోదు చేస్తే తిప్పలు మళ్లీ మొదటికే వస్తాయి.

65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే సరుకులు చేర్చే ఏర్పాటు కూడా ఉంది. మీ ఇంట్లో అలాంటివారుంటే డీలరు దగ్గరున్న జాబితాలో పేరు ఉందో లేదో చూడమనండి.

[దృశ్యం: గ్రామ సచివాలయం. కిటికీ దగ్గర పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి.]

ఇప్పుడు కోడలి బిడ్డ. ఆ బిడ్డ పేరు కార్డులో ఎక్కాలి. ఎక్కితే నెలకు మరో 5 కిలోలు. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చారు. మన రాష్ట్రంలో కొత్త కార్డులు, చేర్పులు, విభజనల దరఖాస్తులు చాలాకాలం ఆగిపోయి, 2025 మే నెలలో మళ్లీ మొదలయ్యాయి. 21 రోజుల్లో తేల్చాలన్నది గడువు. దరఖాస్తు సచివాలయంలో నమోదవుతుంది, వీఆర్వో పరిశీలిస్తారు, తహసీల్దారు ఆమోదిస్తారు.

21 రోజులు అయిపోయాయి, ఆమోదం కూడా వచ్చింది, అయినా డిపోలో బిడ్డ వాటా రాలేదు. ఎందుకు? ఇక్కడ "కీ రిజిస్టరు" అనే మాట గుర్తుపెట్టుకోండి. ప్రతి నెలా ఏ డిపోకు ఎన్ని కార్డులు, ఎంతమంది, ఎన్ని కిలోలు అన్న లెక్కను ముందు నెలలోనే కట్టేస్తారు. ఆ లెక్కే కీ రిజిస్టరు. అది తయారయ్యాక మీ పేరు ఎక్కితే ఆ నెల సరుకులో మీ వాటా ఉండదు, తర్వాతి నెల లెక్కలోకి వెళ్తుంది. నెల చివర ఆమోదం వచ్చినవాళ్లకు మొదటి బియ్యం చేతికందేసరికి ఇంకో నెల గడిచిపోవడానికి కారణం ఇదే. అందుకని ఆమోదం ఏ తేదీన వచ్చిందో చూసుకోండి. కీ రిజిస్టరు తర్వాత వచ్చి ఉంటే ఒక్క నెల ఓపిక పట్టాలి. ముందే వచ్చినా వాటా రాలేదంటే అది పొరపాటు, వెంటనే అడగాలి.

కొన్ని దరఖాస్తులు ఆమోదం దాకా రాకుండానే నిలిచిపోతాయి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని, ఇంట్లో ఎవరి పేరనో కారు ఉందని, ఎవరో ఆదాయపు పన్ను కట్టారని కంప్యూటర్ చూపిస్తుంది. ఒక మీటరు మీద అన్నదమ్ముల రెండు కుటుంబాలు ఉంటున్న ఇళ్లలో ఇది మామూలు. అలాగే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నంత మాత్రాన అర్హత పోదు. మీ దరఖాస్తు ఎందుకు ఆగిందో కారణం రాతలో అడిగి తీసుకోండి.

[దృశ్యం: ఫోను తెర. వాట్సాప్‌లో సందేశం.]

దరఖాస్తు నంబరు దగ్గర ఉంటే సచివాలయంలో స్థితి చూపిస్తారు. ప్రభుత్వ సేవల కోసం ఉన్న మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో కూడా రేషన్ కార్డు సేవలు ఉన్నాయి.

పేరు ఉన్నా బియ్యం తగ్గితే ఈ-కేవైసీ చూసుకోవాలి. అంటే కార్డులోని ప్రతి మనిషీ ఒకసారి వేలిముద్ర ఇచ్చి "నేనే" అని రుజువు చేసుకోవడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లని ఊరు లేదు కదా. హైదరాబాద్, చెన్నై, విశాఖ, ఎక్కడ చూసినా మనవాళ్లే. ఊళ్లో లేనివారి ఈ-కేవైసీయే ఎక్కువగా మిగిలిపోతోంది. రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఏ డిపోలోనైనా చేయించుకోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఉంది. అయితే ఐదేళ్లు నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు నమోదు చేయించాలి, పదిహేనేళ్లకు మళ్లీ చేయించాలి. ఈ రెండు వయసుల పిల్లల పేర్లు ఆగిపోవడం తరచూ జరుగుతుంది.

మా అత్త కొడుకు లాంటివాళ్లకు ఇంకో దారి ఉంది. ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైంది రెండు జతల రాష్ట్రాల మధ్య: ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర. తన వాటా బియ్యం హైదరాబాద్‌లోనే తీసుకోవచ్చు, మిగతావి ఇంటివాళ్లు ఇక్కడ తీసుకోవచ్చు. ఇది జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే పనిచేస్తుంది. మీది ఆ కోవలోకి వస్తుందో లేదో సచివాలయంలో తెలుస్తుంది.

స్మార్ట్ కార్డు గురించి ఒక్క మాట. 2025 ఆగస్టు చివర నుంచి క్యూఆర్ కోడ్ ఉన్న కొత్త కార్డులు పంచారు. ఆ కార్డు చేతికి రాలేదని డిపోకు వెళ్లకుండా కూర్చున్నవాళ్లను నేను చూశాను. బియ్యం విడుదలయ్యేది మిషన్‌లో ఉన్న కార్డు నంబరు మీద. పాత కార్డు పట్టుకుని వెళ్లండి.

[దృశ్యం: మండల గోదాము. లారీలోకి బస్తాలు ఎక్కిస్తున్నారు.]

ఒక్కోసారి మీ తప్పేమీ ఉండదు, డిపోలోనే సరుకు ఉండదు. మండలంలోని ఎంఎల్‌ఎస్ పాయింటు, అంటే సరుకు నిల్వ ఉంచే గోదాము నుంచి లారీ కదిలితేనే డిపోకు బస్తాలు వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోడ్లూ, కరెంటూ రెండూ పోయాయి. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో మామూలు రోజుల్లో కూడా సిగ్నల్ కోసం చెట్టెక్కాల్సిన చోట్లు ఉన్నాయి. సరుకు సగమే వచ్చిందంటే డీలరును ఒక ప్రశ్న అడగండి: "మిగతాది ఏ తేదీకి వస్తుంది?" ఆ తేదీ రాసుకోండి.

పంపిణీ ప్రతి నెలా 1 నుంచి 15 వరకు. 14వ తేదీ సాయంత్రం కాకుండా మొదటి వారంలోనే వెళ్లండి. ఏ చిక్కు వచ్చినా సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ తేదీ రాసి పెట్టుకోండి. ఎందుకో చెబుతాను. 2013 నాటి ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ ప్రకారం, అర్హులకు రావలసిన బియ్యం అందకపోతే రాష్ట్ర ప్రభుత్వం దాని బదులు నగదు భత్యం ఇవ్వాలి. కానీ మీరు డిపోకు వెళ్లారని తేలాలి కదా. మా అత్త దగ్గర ఏ రుజువూ లేకపోయింది. "మూడుసార్లు వెళ్లాను" అన్న మాట ఒక్కటే ఉంది.

ఫిర్యాదుకు 1967 నంబరు ఉంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి చూసుకుని వెళ్లండి. రాజాం వాళ్లు ఇప్పుడు విజయనగరం వెళ్లాలి, పాలకొండ వాళ్లు పార్వతీపురం వెళ్లాలి. వంద కిలోమీటర్లు తిరిగి వచ్చాక తప్పు జిల్లా అని తెలిస్తే ఆ కూలి ఎవరిస్తారు?

[దృశ్యం: మళ్లీ డిపో. నెల 3వ తేదీ, ఉదయం.]

ఈ నెల కోడలు పుట్టింటి నుంచి వచ్చింది. బిడ్డను అత్తకు ఇచ్చి తన బొటనవేలు మిషన్ మీద పెట్టింది. ఒక్కసారికే తీసుకుంది. కాటా మీద అంకె 20 దగ్గర ఆగింది. చీటీ బయటికి రాగానే అత్త దాన్ని మడిచి కొంగున ముడి వేసుకుంది.

పోయిన నెల 20 కిలోల కోసం అర్జీ రాసి ఇచ్చాం. దాని రసీదు కూడా ఆ ముడిలోనే ఉంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాం.