ఎయిర్ పిస్టల్‌లో గాలి దిగిపోతోందా? ఓ-రింగ్ మార్చుకునే పద్ధతి

నమస్కారం. పది మీటర్ల పోటీలకు వాడే ఎయిర్ పిస్టల్‌ను ఇంట్లో ఎలా చూసుకోవాలో, అందులో అన్నిటికంటే ముందు అరిగిపోయే భాగాన్ని, అంటే గాలి నింపే సిలిండర్‌ను పిస్టల్‌కు బిగించే చోట ఉండే రబ్బరు ఓ-రింగును, ఎలా మార్చుకోవాలో ఈ రోజు చూపిస్తాను. గచ్చిబౌలి వైపు రేంజికి పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, రాత్రి నింపిన గాలి పొద్దుటికి సగమైపోతోంది, పిస్టల్ కంపెనీకి పంపించాలా?" పంపించే ముందు ఒక పావుగంట నాతో కూర్చోండి.

ఈ వీడియో గాలి ఒత్తిడితో పనిచేసే 4.5 మిల్లీమీటర్ల పిస్టల్ గురించి మాత్రమే. ఇందులో వాడే సీసపు పెల్లెట్ అర గ్రాము బరువుంటుంది, సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళుతుంది. లెక్క వేస్తే శక్తి ఆరు జౌల్స్‌కు అటూ ఇటూగా వస్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఈ కొలతలో 20 జౌల్స్ దాటని గాలి తుపాకులకు లైసెన్సు అక్కరలేదు. మందుగుండుతో పేలే పిస్టల్ ఉన్నవారు దానిని లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికే తీసుకువెళ్ళాలి. ఇక్కడ చూసినది దాని మీద ప్రయోగించవద్దు.

బల్ల మీద పాత తెల్ల పంచె ఒకటి పరిచాను. చిన్న భాగం జారిపడితే గెంతకుండా ఆగుతుంది, నల్లటి రింగు తెలుపు మీద వెంటనే కనిపిస్తుంది. అన్నం తినే బల్ల మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఎందుకంటే గొట్టంలోనూ లోడింగ్ చోటులోనూ సీసపు పొడి ఉంటుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పంచెను విడిగా ఉతకాలి.

మొదట గొట్టం మూతిని మనుషులు లేని గోడ వైపు తిప్పి, లోడింగ్ మూత తెరిచి, లోపల పెల్లెట్ లేదని కంటితో చూడండి. తరువాత ఈ నారింజ రంగు సేఫ్టీ తాడును గొట్టంలోంచి ఇటు నుంచి అటు పూర్తిగా దూర్చండి. తాడు రెండు కొనలూ బయటికి కనిపిస్తున్నాయంటే లోపల ఏమీ అడ్డు లేదన్నమాట. ఇది అయ్యాకే సిలిండర్‌ను చేత్తో తిప్పి ఊడదీయాలి. పట్టకారు, పానా ఏవీ వద్దు. చేతికి రానంత గట్టిగా ఉంటే దాని జోలికి పోకండి.

ఇప్పుడు లీకు ఎక్కడుందో కనిపెట్టాలి. సిలిండర్‌ను ఊడదీసి ఒంటరిగా ఒక రాత్రి ఉంచండి, మరునాటి రాత్రి పిస్టల్‌కు బిగించి ఉంచండి, రెండు ఉదయాలూ సిలిండర్ మీది గేజ్, అంటే ఒత్తిడి చూపే ముల్లు, చూసి రాసుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ముల్లు దిగిందంటే తప్పు సిలిండర్ లోపలి వాల్వ్‌ది, అది మన పని కాదు. బిగించినప్పుడే దిగుతోందంటే అతుకు దగ్గరి రింగును అనుమానించాలి. అతుకు మీద సబ్బు నురగ కుంచెతో రాస్తే, సన్న లీకు కూడా ఆవగింజల్లాంటి బుడగలుగా బయటపడుతుంది. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, ఈ మూల చూడండి.

అయితే ముల్లు కాస్త కదిలిన ప్రతిసారీ లీకు అనుకోవద్దు. 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి పది డిగ్రీలు చల్లబడితేనే ఆరేడు బార్లు తగ్గుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికి నింపి, తెల్లవారి అయిదింటికి గేజ్ చూసుకుని కంగారుపడేవారు చాలామంది. దీనికి ఎదురుగా, నిండు సిలిండర్‌ను మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే 27 డిగ్రీల దగ్గర 200 ఉన్న ఒత్తిడి 60 డిగ్రీల దగ్గర 220 దాటుతుంది. అందుకని డిక్కీలో వదలకూడదు.

రింగు మోడల్‌ను బట్టి సిలిండర్ మెడ మీదనో, పిస్టల్ వైపు గాడిలోనో ఉంటుంది. దానిని వెదురు టూత్‌పిక్‌తో తీయాలి. పిన్నీసుతోనో సూదితోనో తీయడం సులువే, కానీ గాడిలో వెంట్రుకంత గీత పడితే ఎన్ని కొత్త రింగులు వేసినా గాలి ఆ గీతలోంచే పోతుంది. తీసిన రింగును ట్యూబ్‌లైటు కింద వేలికి చుట్టి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన అంచు ఒకవైపు చదునై ఉంటుంది, లేదా సన్నటి చీలిక కనిపిస్తుంది.

కొత్త రింగు తయారీదారు ఇచ్చే సీల్ కిట్‌లోదే వేయండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి తొందరలో సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ బజారుకు వెళ్ళి, పాత రింగును కంటికి సరిచూసుకుని మరొకటి తెచ్చాను. పాతది 1.5 మిల్లీమీటర్ల మందం, తెచ్చినది 1.78. కంటికి రెండూ ఒకటే. సిలిండర్ బిగిస్తుంటే చివరి చుట్టు దగ్గర కొంచెం బరువుగా అనిపించింది, అక్కడ ఆగకుండా తిప్పాను. విప్పి చూస్తే రింగు అంచు కోసుకుపోయి, నల్లటి రబ్బరు తునక గాడిలో ఇరుక్కుని ఉంది. దుకాణం తప్పేమీ లేదు. నేను అడిగిందే వారు ఇచ్చారు. మందం కొలిచే వెర్నియర్ వాడని తప్పు నాది.

రింగుకు రాసేది సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ మినపగింజలో సగమంత. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే, వీటిలో ఏదీ అధిక ఒత్తిడి గాలి ఉన్న చోట తగలకూడదు. గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి ఆ నూనె ఆవిరి మండగలదు.

గొట్టం శుభ్రత గురించి రెండే మాటలు. ఫెల్ట్ పెల్లెట్లను, అంటే గొట్టం తుడిచే మెత్తటి ఉన్ని బిళ్ళలను, వెనుక వైపు నుంచి నెట్టండి, కొన్ని వందల షాట్లకు ఒకసారి చాలు. రోజూ తోమేవారిని చూశాను, వారి స్కోరు పెరగగా నేను చూడలేదు. వానాకాలంలో మాత్రం పెట్టెలోని స్పాంజి తేమ పట్టుకుంటుంది, కాబట్టి సిలికా జెల్ పొట్లం వేసి, తడి చేత్తో ముట్టిన ఇనుప భాగాలను పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.

ట్రిగ్గర్ మరలను తిప్పాలని అందరికీ చేయి దురద పెడుతుంది. పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఎత్తి నిలబడాలి, లేకపోతే తనిఖీలోనే ఆపేస్తారు. సీల్ వేసిన మరలను, గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను, సిలిండర్ వాల్వ్‌ను ఇంట్లో విప్పవద్దు. సిలిండర్ మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. సాధారణంగా తయారీదారులు పదేళ్ళ గడువు చెబుతారు, అది దాటాక లీకు లేకపోయినా గాలి నింపకూడదు. ఇన్ని జాగ్రత్తలెందుకంటే, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఆమె రెండు పాయింట్లతో ఫైనల్‌కు దూరమైంది. అంత పెద్ద జట్టు వెంట ఉన్నా అలా జరిగింది. అందుకే పోటీకి ముందురోజు ఏ భాగమూ మార్చకండి. మార్చాక కనీసం వంద షాట్లు కాల్చి చూసుకోండి.

ఇప్పుడు కొత్త రింగుతో సిలిండర్ బిగిస్తున్నాను, చేతి బలం వరకే. రాత్రి పది గంటలు, గేజ్ ముల్లు 178 దగ్గర ఉంది, గది 29 డిగ్రీలు. పిస్టల్‌ను పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ఉదయం ఆరు గంటలు. గది 25 డిగ్రీలు, ముల్లు 176. ఆ రెండు బార్లూ చల్లదనం లెక్కలోవే. పంచె ఉతకడానికి వేశాను.