క్లిప్ పెట్టావా?

నమస్కారం. ఇటు కాశీనగర్ నుంచి అటు పాతపట్నం దాకా వింటున్న మన తెలుగు పిల్లలూ, ముఖ్యంగా ట్యూషన్‌కి స్కూటీ మీద వెళ్లే పదో తరగతి వాళ్లూ, ఈ మాటలు మీకే.

మా మేనల్లుడి సంగతి చెప్తాను. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. వాళ్లమ్మ స్కూటీ మీద పర్లాకిమిడి ట్యూషన్‌కి వెళ్లొచ్చేవాడు. తాళం ఇచ్చిందెవరు? మేమే. "మెల్లగా వెళ్లు నాన్నా" అని ఓ మాట అనేస్తే మా బాధ్యత తీరిపోయేది! హెల్మెట్ కూడా ఉంది, ఐఎస్ఐ గుర్తున్న మంచిదే. మామూలుగా అది వాడి మోచేతికి వేలాడేది, పోలీసులు నిలబడ్డారని తెలిస్తే తలకెక్కేది.

నూర్పులైన రోజులు. మన వైపు తెలుసుగా, సగం తారు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. మునిమాపు వేళ మా గుంటడు వస్తున్నాడు. ఎదురుగా ట్రాక్టరు, దానికి ఒక్క లైటే వెలుగుతోంది, వీడేమో బైకు అనుకున్నాడు, తీరా దగ్గరికొచ్చాక కంగారుగా ధాన్యం మీదకి తిప్పి బ్రేకు నొక్కాడు. గింజల మీద చక్రం ఆగుతుందా, జారిపోయింది. బండి ఒకవైపు, వీడొకవైపు. హెల్మెట్ తల మీదే ఉంది ఆ రోజు, కానీ క్లిప్ పెట్టలేదు. వీడు కింద పడకముందే అది ఎగిరిపోయింది.

నేను వెళ్లేసరికి ధాన్యం మీద కూర్చుని "ఏటీ అవ్వలేదు మావయ్యా, నలభైలోనే వచ్చాను" అంటున్నాడు, చేతులు మాత్రం వణుకుతున్నాయి. నలభై అంటే సెకనుకి 11 మీటర్లు. "అమ్మో" అనుకునేలోపే అంత దూరం పోతుంది బండి. వాడి నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. కాలవ గట్టున బోర్లా పడున్న హెల్మెట్ మీద మాత్రం ఒక్క గీత లేదు. పాపం ఆ రైతు వాడికి నీళ్లిచ్చి, తర్వాత రక్తం పడిన గింజలు వేరుగా ఏరుకుంటూ కూర్చున్నాడు, అది చూడలేకపోయాను.

పదహారుకే లైసెన్సు ఇస్తారుగా అంటారు. ఇస్తారు, 50 సీసీ దాటని గేరు లేని బండికి. మన ఇళ్లల్లో ఉండే పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైనే, వాటికి 18 నిండాల్సిందే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు నడిపి పట్టుబడితే కేసు తల్లిదండ్రుల మీదకో బండి యజమాని మీదకో వస్తుంది, 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లాడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు రాదు. మా అక్క ఇప్పుడు స్కూటీ తాళం పోపులపెట్టెలో దాస్తోంది, వాడు సైకిలు మీద వెళ్తున్నాడు.

నాన్న వెనకో అన్నయ్య వెనకో కూర్చున్నా మీకూ హెల్మెట్ ఉండాలి. పెట్టుకుని, క్లిప్ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే వదులు వద్దు. తర్వాత వెనక నుంచి పైకి తోసి చూడండి, ఊడొచ్చిందంటే అది మీ తలకి సరిపోదన్నమాట. మొన్న నాది తోసి చూస్తే ఊడొచ్చేసింది. ఎనిమిదేళ్ల పాతది. కొత్తది కొన్నాను.