ఎకరంలో మిగిలిన ఇరవై రెండు సెంట్లు: వీఏ రేటింగ్ ఎనభై దగ్గర ఆగిపోతే

నమస్కారం అండి. ఈ మధ్య డాలస్ వైపు నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. వాళ్లాయన గ్రీన్‌కార్డు మీద ఉన్నప్పుడే అమెరికా ఆర్మీలో చేరి బండ్ల మెకానిక్‌గా తొమ్మిదేళ్లు చేశారు. నడుం పోయింది, నిద్ర పోయింది. వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖ, 80 శాతం డిజేబిలిటీ రేటింగ్ ఇచ్చింది. సర్వీసు వల్ల వచ్చిన జబ్బులకు ఇచ్చే ఈ శాతాన్ని బట్టే నెలనెలా డబ్బు వస్తుంది. బయటికొచ్చాక రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మారారు. ఇప్పుడు అక్క వాళ్ల తమ్ముడి గ్రోసరీ షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నారు.

అక్క అడిగింది ఒకటే. "చెవుల్లో మోత కూడా రాయిస్తే వంద వచ్చేస్తుందంటున్నారు, నిజమేనా తమ్ముడూ?"

రాదక్కా. ఎందుకు రాదో ముందు చెప్తాను.

ఆయన రేటింగులు ఇవీ: పీటీఎస్‌డీకి (భయానక అనుభవాల తర్వాత మనసును వదలని గాయానికి) 50, నడుముకు 40, మోకాలికి 20, భుజానికి 10. కూడితే 120. మరి వీఏ 80 అని ఎందుకు రాసింది? వీఏ కూడదు కాబట్టి. ఎకరం పొలం ఉందనుకోండి, వంద సెంట్లు. మొదటి వరద 50 సెంట్లు కోసుకుపోయింది. రెండో వరద తీసుకెళ్లేది మొత్తం ఎకరంలో 40 శాతం కాదు, మిగిలిన 50 సెంట్లలో 40 శాతం, అంటే 20. ఇక మిగిలింది 30. అందులో 20 శాతం, 6 సెంట్లు. మిగిలిన 24లో పది శాతం, సుమారు 2. మొత్తం పోయింది 78, చేతిలో ఉన్నది 22. ఆ 78ని దగ్గరి పదికి సర్ది 80 అన్నారు.

ఇప్పుడు చెవుల మోత. టినిటస్ అంటారు దాన్ని, దానికి ఇచ్చేదే 10 శాతం. మిగిలిన 22లో పది శాతం అంటే 2 సెంట్లు. 78 కాస్తా 80 అవుతుంది. కాగితం మీద మళ్లీ 80. నెల చెక్కులో పైసా తేడా ఉండదు. వంద అనిపించుకోవాలంటే లెక్క 95కి చేరాలి, చివర్లో ప్రతి సెంటూ కొండెక్కినట్టే. నిజంగా మోత ఉంటే రాయించండి, తప్పులేదు. కానీ వంద కోసమని చిన్నచిన్నవి వెతుక్కుంటూ ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

డబ్బు తేడా చిన్నది కాదు మరి. 2025 రేట్లలో ఒంటరి వెటరన్‌కు, అంటే మాజీ సైనికుడికి, 80 శాతం అయితే నెలకు 2,044 డాలర్లు, 90 అయితే 2,297. వంద అయితే 3,831! ఆ చివరి మెట్టు మీదే పదిహేను వందల పైచిలుకు. పైగా ఇన్‌కమ్ టాక్స్ లేదు.

అందుకే ఇంకో తలుపు ఉంది. టీడీఐయూ అంటారు, అందరూ వాడే మాట అన్‌ఎంప్లాయబిలిటీ, అంటే ఉద్యోగం చేయలేని స్థితి. రేటింగ్ 80 దగ్గరే ఉంటుంది, డబ్బు మాత్రం వంద శాతం రేటులో వస్తుంది. షరతు ఏంటంటే, సర్వీసు వల్ల వచ్చిన జబ్బుల మూలంగా, బతుకుతెరువుకు సరిపడే ఉద్యోగం నిలకడగా చేయలేకపోవడం. అంకెల్లో చూస్తే, ఒకే జబ్బుకు 60 ఉన్నా చాలు, లేదా ఒకదానికి కనీసం 40 ఉండి మొత్తం 70 ఉన్నా చాలు. ఈ బావగారికి 50 ఉంది, మొత్తం 80 ఉంది. అంకెల పరంగా ఎప్పుడో అర్హుడు. అంకెలు చాలకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు, కేసును పైఅధికారికి పంపే పద్ధతి ఉంది. అది కాస్త కష్టమైన దారి.

ఇది విని అక్క వెంటనే అన్నారు, "మరి షాపులో పనిచేస్తున్నాడుగా!"

మనవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఏ పని చేసినా అర్హత పోతుందనుకుంటారు. రూల్ అలా లేదు. ఒంటరి మనిషికి సెన్సస్ వాళ్లు లెక్కగట్టే పేదరికపు గీత, ఏడాదికి సుమారు పదహారు వేల డాలర్లు, దానికి లోపు సంపాదన ఉంటే మార్జినల్ అంటారు, నికరమైన ఉద్యోగం కింద లెక్కేయరు. అంతకు మించి వచ్చినా, సొంతవాళ్ల షాపులాంటి చోట మొహమాటానికి నిలబెట్టుకున్న పని అయితే అదీ మార్జినల్ కిందికే రావచ్చు. మూడు గంటలు కూర్చుని, నొప్పొస్తే వెనక గదిలో పడుకుంటే ఏ బయటి ఓనరు ఊరుకుంటాడు చెప్పండి? బావమరిది కాబట్టి ఊరుకుంటున్నాడు. ఆ మాటే కాగితం మీదికి రావాలి.

దీనికి ఫారం 21-8940. ఎక్కడెక్కడ పనిచేశారు, ఎన్ని గంటలు, జబ్బు వల్ల ఎన్ని రోజులు పోయాయి, ఎందుకు మానేశారు, అన్నీ అందులో అడుగుతారు. పాత కంపెనీలకు 21-4192 అని ఇంకో ఫారం వెళ్తుంది. "పర్సనల్ రీజన్స్" అని రాజీనామా ఇచ్చి వచ్చేసిన మనిషికి ఇక్కడ చిక్కు. కంపెనీ కూడా అదే రాస్తుంది. అసలు సంగతి చూసినవాళ్లు, భార్యో తోటి పనివాడో, 21-10210 ఫారంలో సాక్ష్యంగా రాసివ్వచ్చు.

ఇక సీ అండ్ పీ ఎగ్జామ్. వీఏ తరఫున డాక్టరు చూసే పరీక్ష. మన మగవాళ్లకు ఒక అలవాటుంది. ఎవరు "ఎలా ఉన్నారు" అన్నా "పర్లేదండి, బాగానే ఉన్నా" అంటారు. ఐసీయూలో ఉన్నా అదే మాట. డాక్టరు అడిగితే కూడా అదే. ఆయన అదే రాసుకుంటాడు. ఎక్కువ చేసి చెప్పమనడం లేదు, అది తప్పు, పట్టుబడితే ఉన్నదీ పోతుంది. పాడు రోజు ఎలా ఉంటుంది, నెలలో అలాంటివి ఎన్ని, కుర్చీలో ఎన్ని నిమిషాలకు లేవాలి, అది చెప్పండి చాలు. "కూర్చుని చేసే పని చేయగలడు" అని రిపోర్టులో పడితే కథ అక్కడికే అయిపోలేదు. తొమ్మిదేళ్లు రెంచీ పట్టుకున్న మనిషి చదువేంటి, అనుభవమేంటి అన్నది కూడా వీఏ చూడాల్సిందే. చూడకూడనివి రెండు: వయసు, సర్వీసుతో సంబంధం లేని జబ్బులు. "ముసలాణ్ణి అయ్యాను, షుగర్ కూడా ఉంది" అని రాస్తే కేసు బలపడదు, పలచబడుతుంది.

ఒక హెచ్చరిక. మామూలు వంద శాతం ఉన్నవాళ్లు సాధారణంగా ఉద్యోగం చేసుకోవచ్చు. టీడీఐయూ అలా కాదు, నికరమైన ఉద్యోగంలో పన్నెండు నెలలు వరసగా నిలబడితే దాన్ని తీసేయొచ్చు. మళ్లీ పనిలోకి వెళ్లాలన్న ఆశ గట్టిగా ఉంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే అప్లై చేయండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో లాభం: టీడీఐయూ మీద వంద శాతం రేటు తీసుకునే వెటరన్‌కు సొంతింటి ప్రాపర్టీ టాక్స్ మొత్తం మాఫీ. అక్కడి టాక్స్ బిల్లు చూసినవాళ్లకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు. రేపు గుంటూరు వచ్చి స్థిరపడినా వీఏ డబ్బు ఆగదు.

సాయానికి డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. గుర్తింపు ఉన్న లాయర్లు మొదటి నిర్ణయం వచ్చాకే ఫీజు అడగాలి. "వంద గ్యారంటీ, ముందు డబ్బు కట్టండి" అన్నవాడు ఫోన్ చేస్తే పెట్టేయండి.

అక్క చేత ముందు ఇంటెంట్ టు ఫైల్, అంటే అప్లై చేయబోతున్నామని వీఏకి ముందే చెప్పే కాగితం, పెట్టించాను. దాంతో డబ్బు లెక్కగట్టే తేదీ దక్కుతుంది, కాగితాలు సర్దుకోవడానికి ఏడాది టైం ఉంటుంది. ఇప్పుడు పాత జీతం స్లిప్పులు వెతుకుతున్నారు. తమ్ముడు కూడా రాసిస్తానన్నాడట: ఎన్ని గంటలు కూర్చుంటాడు, బియ్యం బస్తాలు ఎవరు ఎత్తుతారు, ఎన్నిసార్లు మధ్యలో ఇంటికి పంపించాడు. వెనక గదిలో వేసిన మడత మంచం సంగతి మాత్రం మర్చిపోకుండా రాయమన్నాను.