ట్రేలో నాలుగు ప్లగ్గులు
(మోటార్ మెకానిక్ ట్రేడు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తీసిన స్పార్క్ ప్లగ్గుని, అంటే సిలిండర్లో పెట్రోలుకి నిప్పురవ్వ అంటించే ముక్కని చూసి ఇంజను సంగతి ఎలా చదవాలో చెప్తా. నాకు గంట టైమిచ్చారు. నేను అరగంటే వాడుకుంటా. మిగతా అరగంటలో మీ చేతులు నల్లబడాలి.

ముందు నా పొరపాటు ఒకటి చెప్తా. పాతికేళ్ళ కిందటి మాట. నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు వచ్చింది. నిలబెట్టి ఇంజను నడుస్తుంటే (ఐడిల్లో) వణుకు, పికప్ లేదు. ప్లగ్గులు నాలుగూ తీసి డబ్బాలో పడేసి, కొత్తవి బిగించా. బండి బాగానే వెళ్ళింది. నెలన్నరకి మళ్ళీ అదే వణుకు, మళ్ళీ కొత్త ప్లగ్గులు. మూడోసారి ఓనరు గారు లోపలికొచ్చి, "ఏమయ్యా, నీకు ప్లగ్గుల కొట్టు కూడా ఉందా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. అప్పుడు గానీ తీసినవాటిని వరసలో పెట్టి చూడలేదు. మూడు ప్లగ్గులు లేత గోధుమరంగులో ఉన్నాయి. నాలుగో సిలిండరుది మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పింగాణీ మీద చిన్న చిన్న పొక్కులు, గ్యాప్, అంటే రవ్వ దూకే రెండు కొసల మధ్య ఖాళీ, మిగతావాటికంటే పెద్దది. సిలిండర్లకి గాలి తెచ్చే గొట్టాల (ఇన్‌టేక్ మ్యానిఫోల్డు) అతుకులో ఉండే గ్యాస్కెట్ సరిగ్గా నాలుగో పోర్టు దగ్గర చిట్లింది. అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోంది. ఆ ఒక్క సిలిండరుకే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. రెండుసార్లూ ఆ ప్లగ్గు ఈ సంగతి చెప్పే ఉంటుంది. డబ్బాలో కలిపేశాక ఏది ఏ సిలిండరుదో ఎవడికి తెలుసు?

అందుకే ప్లగ్ పానా పట్టుకునే ముందు ఒక అట్టముక్క తీసుకోండి. నాలుగు చిల్లులు పొడిచి 1, 2, 3, 4 అని రాయండి. చాలా ఇంజన్లలో బెల్టు వైపుది ఒకటో నంబరు. తీసిన ప్లగ్గు తీసినట్టే దాని చిల్లులో గుచ్చాలి. తుడవొద్దు. తుడిచారంటే సాక్ష్యం పోయినట్టే.

ఇక అరుగుదల సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం. బండి సగటున గంటకి 50 కిలోమీటర్లు, ఇంజను 2000 ఆర్‌పీఎం అనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో ప్లగ్గు నిమిషానికి వెయ్యిసార్లు వెలుగుతుంది. 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి దాదాపు 5 కోట్ల సార్లు. ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం ఎగిరిపోతుంది. 1.1 మిల్లీమీటర్లున్న గ్యాప్ నాలుగింటిలోనూ 1.3కి వచ్చిందంటే అది ముసలితనం, రోగం కాదు. మార్చేయండి, అంతే. మూడు 1.2 దగ్గర ఉండి ఒకటి 1.5 చూపిస్తే అక్కడ ఆగాలి.

నాలుగూ ఒకేలా నల్లగా, పొడి మసితో ఉంటే ఒక్క సిలిండరు మీద అనుమానం వద్దు. అందరికీ కలిపి వచ్చేవి చూడాలి: ఎయిర్ ఫిల్టరు, ఆక్సిజన్ సెన్సరు, పెట్రోలు ప్రెషరు. లేదా ఆ బండి రోజూ రైతుబజారుకి రెండు కిలోమీటర్లు వెళ్ళి వచ్చేదే కావచ్చు. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసిని కాల్చుకుంటుంది. రెండు కిలోమీటర్లలో అంత వేడి ఎక్కడిది!

ఇప్పుడు చాలామంది సీనియర్లు కూడా తప్పులో కాలేసే చోటు. కొన్ని బండ్లలో ఒక కాయిల్‌కి (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి ఇచ్చే చుట్ట) రెండు ప్లగ్గులుంటాయి: 1కీ 4కీ ఒకటి, 2కీ 3కీ ఒకటి. జంటలో రెండూ ఒకేసారి వెలుగుతాయి. ఒకటి పని చేసే స్ట్రోకులో, రెండోది ఎగ్జాస్ట్ స్ట్రోకులో ఊరికే. అంటే ఇందాకటి 5 కోట్లు ఇక్కడ 10 కోట్లు. అసలు తమాషా వేరే ఉంది. కరెంటు ఒక ప్లగ్గులో మధ్య ఎలక్ట్రోడ్ నుంచి వంపు ఎలక్ట్రోడ్‌కి దూకుతుంది, హెడ్డు గుండా పోయి రెండో ప్లగ్గులో వంపు నుంచి మధ్యకి ఎక్కుతుంది. ఎలక్ట్రాన్లు ఏ కొస నుంచి బయల్దేరతాయో ఆ కొసే ఎక్కువ అరుగుతుంది. అందుకని నాలుగింటిలో రెండు ప్లగ్గుల్లో మధ్య ముక్క గుండ్రబడుతుంది, మిగతా రెండింట్లో వంపు ముక్క లోపలివైపు గుంట పడుతుంది. జంటలో ఒకటి ఇలా, ఒకటి అలా కనపడితే ఇంజను విప్పకండి బాబూ, అది దాని స్వభావం. రెండు కొసలకీ ప్లాటినం ఉన్న ప్లగ్గులు ఇలాంటి బండ్లకి పనికొచ్చేది అందుకే. పాత ప్లగ్గులు మళ్ళీ బిగిస్తుంటే ఏది ఎక్కడిదో అక్కడే బిగించండి.

ఆయిల్ కనపడగానే "బోరు పోయింది", అంటే సిలిండరు గోడ అరిగిపోయింది అనేస్తారు మనవాళ్ళు. ఆయిల్ ఎక్కడ ఉందో చూశారా? పైన పింగాణీ మీద, మరల మీద ఉంటే ఇంజను పైమూత (ట్యాపెట్ కవరు) దగ్గర ప్లగ్ ట్యూబు సీలు కారుతోంది. కింద మండే కొస తడిగా, నల్లగా ఉంటేనే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్ళో. సిలిండర్లో నొక్కుడు ఎంతుందో చూపే కంప్రెషన్ గేజి పెట్టండి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే, తక్కువ ఉన్నదాంట్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ లేస్తే రింగులు. లేవకపోతే వాల్వులూ, హెడ్ గ్యాస్కెట్ చూసుకోవాలి.

ఒక్క ప్లగ్గే కొత్తదానిలా తళతళలాడుతుంటే మురిసిపోకండి. కూలెంటు లోపలికి వచ్చి ఆవిరై కడిగేస్తోందేమో, రేడియేటరు మట్టం చూడండి. పైన పింగాణీ చుట్టూ, ఇనుము కలిసేచోట గోధుమరంగు పట్టీ ఉంటే మాత్రం భయం లేదు. ఎక్కువ వోల్టేజి వల్ల గాల్లోని ఆయిల్ కణాలు అంటుకున్న మరక అది. గ్యాసు లీకని పొరబడి మంచి ప్లగ్గులు పారేసినవాళ్ళు నాకు తెలుసు.

ఒక్కో సిలిండరుకి ఒక్కో కాయిల్ ఉన్న బండిలో 2వ నంబరు మిస్సింగ్ కొడుతుంటే, అంటే ఆ సిలిండరు మధ్యమధ్యలో మండకపోతుంటే, 2లో కాయిల్ 3కి మార్చండి. మిస్సింగ్ 3కి పోతే కాయిల్ తప్పు. అక్కడే ఉంటే ఈసారి ప్లగ్గు మార్చండి, తర్వాత ఇంజెక్టరు. ఒకసారికి ఒక్కటే. రెండూ కలిపి మార్చారంటే బండి బాగుపడుతుంది గానీ మీకు జవాబు దొరకదు, పాత కాయిల్ బాగున్నా చెత్తలోకి పోతుంది.

గరుకు కాగితంతో కొస రుద్దే అలవాటు మా తరం నుంచే వచ్చింది. ఇరిడియం ప్లగ్గు మీద ఆ పని చేయకండి. ఆ సన్నటి ముక్కకే కదా డబ్బులు పోసింది. బిగించేటప్పుడు ఇంజను చల్లారి ఉండాలి, మర చేత్తోనే పట్టించాలి. అల్యూమినియం హెడ్డులో వాషరున్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. వదులుగా ఉన్న ప్లగ్గు వేడిని హెడ్డుకి ఇవ్వలేక తనే కాలిపోతుంది. అదీ తెల్లగానే కనపడుతుంది. దొంగగాలి వెతికే ముందు ఆ ప్లగ్గు బిగువుగా ఉండిందా లేదా అని విప్పేటప్పుడే మీ చెయ్యి చెప్పాలి.

ఇక బెంచి దగ్గరికి రండి. ఆ ట్రేలో నాలుగు ప్లగ్గులున్నాయి, నంబర్లతో సహా. ఏ బండివో చెప్పను. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజి పక్కనే ఉంది. ఏ సిలిండర్లో ఏం జరుగుతోందో, ముందు దేన్ని చెక్ చేస్తారో కాగితం మీద రాసి ఇవ్వండి. పేరు రాయక్కర్లేదు. టీ ఆ తర్వాతే.