స్టిక్కర్ మీద పేరు ఎవరిది?

(మండల మహిళా సమాఖ్య సమావేశంలో, కారం, పచ్చళ్లు అమ్మే సభ్యులతో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నా, పని చాలా ఉంది.

నాకిచ్చిన అంశం ప్యాకింగ్ మిషన్లు. సీలు ఊడిపోతోందంటే మిషన్ చెడిపోయిందని మూలన పడేస్తున్నారు. ముందు పౌచ్ మూతి చూడండి. అక్కడ కారం అంటుకుంటే పొరలు రెండూ అతుక్కోవు. గరాటుతో పోయండి, పైన రెండంగుళాలు వదలండి, మూతి లోపల పొడిగుడ్డతో తుడవండి. మామూలు కవరుకు పెట్టిన వేడి లామినేటెడ్ పౌచ్‌కు చాలదు. వేడి తక్కువైతే సీలు లాగగానే వచ్చేస్తుంది, ఎక్కువైతే ముడుచుకుపోతుంది. ప్యాకెట్‌ను బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వచ్చిందా, అది కొట్టుకు పంపొద్దు.

మిషన్ కొనడానికి, చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. అయితే అది బ్యాంకు లోనుతో ముడిపడింది. లోనంటే మేనేజరు మీ ఖాతా స్టేట్‌మెంటు అడుగుతారు. మిషన్ సంగతి కాసేపు ఆపుతాను, ఇది చెప్పకుండా ఉండలేను.

మీ బల్ల మీది క్యూఆర్ స్టిక్కర్ ఎవరి పేరున ఉంది? చేతులెత్తండి. తెల్లారకముందే లేచి పచ్చడి కలిపేది మీరు, డబ్బు పడేది మీ ఆయన ఖాతాలో, లేకపోతే అబ్బాయి ఖాతాలో. మీ పాస్‌బుక్కులో అమ్మకం ఒక్క రూపాయి కనబడదు. మీరు వ్యాపారం చేస్తున్నారని బ్యాంకుకు ఎలా తెలుస్తుంది, చెప్పండమ్మా? ఇంట్లో గొడవ పడమనడం లేదు. స్టిక్కర్ మీద పేరు మార్చుకోమంటున్నాను.

ఎక్కడ ఆగిపోతోందంటే, ఖాతా తెరిచిన రోజున మీ ఆయన నంబరు ఇచ్చేశారు. మెసేజీలన్నీ ఆయనకే పోతాయి. పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి మీ నంబరు ఎక్కించుకోండి. ఆ సిమ్ము మీ ఫోన్లోనే ఉండాలి, మెసేజ్ వెళ్లేంత బ్యాలెన్సూ ఉండాలి. లేకపోతే డబ్బు తీసుకునే యాప్‌లో రిజిస్ట్రేషన్ అక్కడే ఆగిపోతుంది. రెండు సిమ్ములుంటే సరైనదే ఎంచుకోండి. సంఘం ఖాతా కాదు, మీ సొంత ఖాతా కలపండి. కొత్త స్టిక్కర్ రాగానే పక్కవాళ్ల ఫోన్లోంచి ఒక్క రూపాయి వేయించి, తెర మీద మీ పేరే వస్తోందో లేదో చూసుకోండి. పాతది చించేయండి. ఇంకో మాట, మళ్లీ చెబుతున్నాను: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ డబ్బు పోతోందని అర్థం.

సీలింగ్ బెల్టు మార్చడం భోజనాలయ్యాక చూపిస్తాను. పాస్‌బుక్కు తెచ్చుకున్నవాళ్లు ఫోన్ తీసుకుని ముందు వరసలోకి రండి.