పికప్ ట్రక్కుకు ‘పికప్’ పోయినప్పుడు: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జారుడు

నమస్కారం. ఆటోమేటిక్ గేర్లున్న డీజిల్ పికప్ ట్రక్కు బరువు లాగలేకపోతే, మన నల్గొండ వైపు చాలామంది ‘పికప్ పోయింది’ అని ఒక్క మాటలో తేల్చి, ముందు ఇంజెక్టర్లు, ఆ తరువాత టర్బో విప్పిస్తున్నారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది. శ్రీశైలం డ్యాం నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినా ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు లేవకపోతే, ఇంజన్‌ను అనుమానించండి. ముల్లు గబగబా లేచి, వేగం మాత్రం ఉన్నచోటే ఉంటే, ఇంజన్ శక్తి చక్రాలకు చేరడం లేదని అర్థం; గేర్‌బాక్స్ జారడమంటే ఇదే. గట్టిగా తొక్కినప్పుడు గేరు ఒక మెట్టు దిగి, ఆర్‌పీఎంతోపాటు వేగం కూడా పెరిగితే అది సహజమే.

[తెరపై: బత్తాయి తోట, డ్రిప్ పైపులు]

బత్తాయి తోటలో డ్రిప్ ఉన్నవారికి ఈ గేర్‌బాక్స్ సగం తెలిసినట్లే. లోపలి క్లచ్ ప్లేట్లు ఆయిల్ ఒత్తిడితోనే బిగుసుకుంటాయి. ఆయిల్ పంపు మన బోరు మోటారు, ఫిల్టరు ఫిల్టరే, ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీలోని సొలినాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులు, మనం తిప్పే గేట్ వాల్వులు, ఒక్కొక్క క్లచ్ ఒక్కొక్క లైను. తోటంతటా నీళ్లు సన్నగా వస్తే బోరులో నీటిమట్టం చూస్తాం, ఫిల్టరు కడుగుతాం. ఒక్క లైనులోనే సన్నగా వస్తే ఆ లైను వాల్వు, ఆ పైపు చూస్తాం. అలాగే అన్ని గేర్లలోనూ జారితే ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు చూడాలి. ఒక్క గేరులోనే జారితే ఆ గేరుకు పనిచేసే క్లచ్‌ను, దాని సీళ్లను, సొలినాయిడ్‌ను చూడాలి. బోరు ఎండితే డ్రిప్ పైపులు మార్చే రైతు ఎవరూ లేరు. బండి దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

నీటిమట్టం పడిపోయిన మోటారు గాలి పీల్చినట్లే, ఆయిల్ తగ్గిన పంపు కూడా ఎత్తుల మీద, మలుపులలో గాలి పీల్చి ఒత్తిడి కోల్పోతుంది. కనుక మొదటి పరీక్ష ఆయిల్ మట్టమే. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో, గేర్‌బాక్స్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. డిప్‌స్టిక్ లేని బండిలో, మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, ఇంజన్ నడుస్తుండగా మట్టం ప్లగ్ విప్పి చూడాలి; ఇంజన్ ఆపి విప్పితే ఆయిల్ ఎక్కువగా ఉన్నట్లు కనిపించి మోసపోతారు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్లు కాలినట్లే. కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అవి బాగుపడవు. ఎరుపు రంగులో ఉన్నదల్లా మీ గేర్‌బాక్స్‌కు సరిపోయే ఆయిల్ కూడా కాదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక జారుతుంటే, పలుచబడిన ఆయిల్ అరిగిన సీళ్ల పక్కనుంచి కారిపోతుండవచ్చు. అది చీలిన డ్రిప్ పైపు.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. బండిలోని తప్పులను చదివే స్కానర్‌లో పీ0731 కోడ్ మొదటి గేరు నిష్పత్తి తప్పిందని, పీ0741 కోడ్ టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) లాకప్, అంటే ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే క్లచ్, సరిగా పట్టడం లేదని చెబుతాయి. నిష్పత్తి 1 ఉన్న గేరులో గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు 2300, బయటకు వెళ్లే షాఫ్టు 2000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే, ఆ 300 క్లచ్‌లో జారుతున్నట్లే. ఆ రెండూ సమానంగా ఉండి, లాకప్ పడినా ఇంజన్ ఆర్‌పీఎం మాత్రమే ఎక్కువగా ఉంటే, తప్పు టార్క్ కన్వర్టర్ వైపు ఉంది. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ అదిమే స్టాల్ పరీక్షను ఇంట్లో చేయకండి. కొన్ని క్షణాల్లోనే ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది. చివరగా, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పించినప్పుడు మీరే దగ్గరుండి అందులోని అయస్కాంతాన్ని చూడండి. దాని మీద సన్నని బూడిదరంగు ముద్ద ఉంటే ఫరవాలేదు, ఇనుప ముక్కలు ఉంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే.