మట్టి అంచున జానెడు కేబుల్

సభకు నమస్కారం. సర్పంచ్ గారికి, నీటి సంఘం పెద్దలకి, ఇంత ఎండలో వచ్చిన అక్కచెల్లెళ్ళకి, పొద్దున్నే లాకుల దగ్గర కాటన్ దొర విగ్రహానికి దండ వేసిన పిల్లలకి పేరుపేరునా నమస్కారాలు.

మే 15, దొర పుట్టినరోజు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మన కాలవల్లో నీళ్ళు, కంచాల్లో అన్నం దాని చలవే. నేను కరెంటు పని చేసుకునేవాణ్ణి. ఇంత నీళ్ళున్న ఊళ్ళో కరెంటు గురించి చెప్పకుండా దిగిపోలేను, మన్నించండి.

ఇంట్లో మోటారు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ! ఆ కేబుల్ గోడ దిగి మట్టిలోకి వెళ్ళే చోటు ఎప్పుడైనా వంగి చూశారా? పైన జానెడు, కింద జానెడు. ఎండకి తొడుగు పెళుసెక్కేది అక్కడే, గడ్డి కోసే కొడవలి తగిలేది అక్కడే, పందికొక్కు కొరికేది అక్కడే. మన నల్లమట్టి వేసవిలో నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది, వైరుని లాగుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనప పైపు కూడా నేల మట్టానే ముందు తినేస్తుంది.

పైపు అంటే గుర్తొచ్చింది. కాదు, ఎప్పుడూ మర్చిపోలేదు. మా బాబాయి ఇంటి బోర్డు నుంచి కొబ్బరితోటలో షెడ్డుకి కేబుల్ వేసింది నేనే. మట్టిలోకి దిగే చోట జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపు, తొడిగాను. "ఇంక గునపం తగిలినా భయం లేదు బాబాయ్" అన్నాను. రంపంతో కోసిన పైపు మూతిని ఆకురాయితో రుద్దలేదు. కేబుల్ ఒరుసుకోకుండా మూతికి తొడిగే బుష్ పెట్టలేదు. ఎర్త్ కలపలేదు.

రెండేళ్ళ తర్వాత, కార్తీకంలో ముసురు పట్టిన రోజు, చూడిగేదె ఒళ్ళు రుద్దుకోవడానికి ఆ పైపుకి ఆనుకుని అలాగే కూలిపోయింది. పిన్ని తాడు పట్టుకోబోతే బాబాయి కేకేసి ఆపాడు. మెయిన్ ఆపి పైపు విప్పి చూశాను. గాలికి కేబుల్ ఊగి ఊగి, పైపు అంచుకి ఒరుసుకుని, గోరంత మేర తెగింది. లోపల రాగి తళతళలాడుతోంది. కరెంటు పైపుకి ఎక్కేసింది. పైపు మట్టిలో పాతి ఉన్నంత మాత్రాన ఫ్యూజు పోయి కరెంటు ఆగదండీ. ఎర్త్ వైరు ఉండాలి. ఆ గేదెని కట్టిన గుంజని పిన్ని ఇప్పటికీ పీకనివ్వదు.

కుర్రాళ్ళూ, మీరు ఐటీఐ చదివినవాళ్ళు, నాకంటే ఎక్కువ తెలుసు. అయినా వినండి. పైపు మూతి రుద్దండి, బుష్ పెట్టండి, ఎర్త్ కలపండి. వాన దిగకుండా పై మూతి కిందికి వంచండి. ఉప్పునేలైతే మందపాటి పీవీసీ పైపు మేలు. 75 సెంటీమీటర్లు తవ్వండి, ఇసక పరిచి కేబుల్ వేసి, మళ్ళీ ఇసక పోసి ఇటుకలు కప్పండి. మట్టి లాగినా తెగకుండా కాస్త వదులు ఉంచండి. నేల అంచున మాత్రం అతుకు వద్దు, టేపు చుట్టినా వద్దు. బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. బుష్ పెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలే నేను పెట్టలేదు.

తొలకరికి ఇంకా రోజులున్నాయి. రేపు పొద్దున మెయిన్ ఆపి, వంగి చూడండి. బుష్‌లు నా సంచీలో ఉన్నాయి, డబ్బులొద్దు. వెళ్ళేటప్పుడు మీ పైపు సైజు చెప్పి తీసుకెళ్ళండి.